మడ్డి నుండి పెట్రోలు

భూగర్భము నుండి పైకివచ్చు ముడిచమురు నల్లగా, చిక్కగా, దుర్గంధముతో నుండును. దానిని అట్లే మోటారు బండిలో పోసినచో బండి కదలదు. చమురుశుద్ధి కర్మాగారమున దానిని కాచి, ఎత్తైన గోపురములలోనికి ఆవిరిగా పంపుదురు. తేలికయైన భాగములు గోపురము పైకెగయును. బరువైనవి క్రిందనే నిలిచిపోవును. పైనుండి పెట్రోలు, దాని క్రింద కిరసనాయిలు, దానికిని క్రింద డీజెలు వచ్చును. అన్నిటికి అడుగున మిగులునది మడ్డి. వెన్న కాచిన గిన్నె అడుగున గసి మిగులుట అందఱు ఎఱిగినదే. ఆ గసి కొంచెమే. ముడిచమురులోని మడ్డి మాత్రము కొంచెము కాదు. చమురు దొరకిన చోటును బట్టి అది సగము వఱకు నుండవచ్చును.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ మడ్డిని గూర్చి ఎవరికిని పెద్ద చింత లేకుండెను. ఆనాడు జనులు కోరినది దీపపు నూనె, అనగా కిరసనాయిలు. పెట్రోలు భగ్గున మండు స్వభావము గలది గనుక దీపములకు పనికిరాదని దానిని పాఱబోసిన రోజులు గూడ కలవు. 1908లో హెన్రీ ఫోర్డు సామాన్యులు కొనదగిన మోటారు కారును అమెరికాలో అమ్మకమునకు పెట్టెను. కొలది ఏండ్లలో వ్యవహారము తలక్రిందయ్యెను. పాఱబోసిన వస్తువే అందఱికి కావలసినదయ్యెను. ముడిచమురులో సహజముగా నున్న పెట్రోలు చాలదయ్యెను. మడ్డిని గూడ పెట్రోలుగా మార్చు ఉపాయము కలదా యను ప్రశ్న అప్పుడు బయలుదేరెను.

ఆ ఉపాయము బోధపడవలెనన్న చమురు నిర్మాణము కొంత తెలియవలెను. చమురు ముఖ్యముగా కర్బనము, ఉదజని యను రెండు మూలకముల కలయిక. హైడ్రోజనుకే ఉదజని యని పేరు. కర్బన పరమాణువులు దండలోని పూలవలె వరుసగా చేరి గొలుసులగును. ఒక్కొక్క కర్బనమునకు ఉదజని పరమాణువులు అంటియుండును. పెట్రోలు గొలుసులు పొట్టివి. వానిలో అయిదు మొదలు పండ్రెండు వఱకు కర్బనములుండును. మడ్డి గొలుసులలో ఇరువది, ముప్పది, నలువది, అంతకు మించియు నుండును. వానిలో కొన్ని వలయములుగా చుట్టుకొని యుండును. పొడవైన దండను త్రుంచి పొట్టిదండలు చేసినచో మడ్డి పెట్రోలగును. మాటకు ఇది సులభమే.

కాని పూలదండను నడుమ త్రెంచిచూడుడు. తెగిన రెండు కొనలనుండియు పూలు జారి నేల రాలును. త్రెంచిన వెంటనే కొనలను ముడివేసినగాని రెండు దండలు దక్కవు. చమురు గొలుసు సంగతియు నిట్టిదే. బంధము విఱిగినచోట రెండు కర్బనములకు పట్టు తప్పును. ఉదజని వచ్చి ఆ ఖాళీని పూరించినచో కొన ముడిపడును. ఉదజని చాలనిచో తెగిన ముక్కలు ఒకదానినొకటి పట్టుకొని, ముద్దకట్టి, తుదకు కోకు అను నల్లని బొగ్గుగా మాఱును.

అమెరికాలో విలియం బర్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు బరువైన చమురును మూసిన పాత్రలలో పీడనముతో కాచి త్రుంచు పద్ధతికి 1913లో పేటెంటు పొందెను. పెట్రోలు వచ్చెను; దానితోబాటు కోకును వచ్చెను. అది పాత్రల అడుగున పెచ్చుకట్టుచుండెను. కొంత పని జరుగగనే మంట ఆర్పి, పాత్రలను చల్లార్చి, ఆ పెచ్చును గోకి తీయవలసివచ్చుచుండెను. వేడి ఒక్కటే త్రెంచగలదు గాని ఎచ్చట త్రెంచవలెనో దానికి తెలియదు. ముడివేయుట అసలే రాదు.

ఈ చిక్కును లెక్కలో పెట్టి చూడవచ్చును. పెట్రోలులో ఒక కర్బనమునకు ఇంచుమించు రెండు ఉదజనులుండును. మడ్డిలో అంతకన్న తక్కువ. నేలబొగ్గులో ఒకటికన్నను తక్కువ. ఈ లోటును సరిచేయుటకు రెండే మార్గములు కలవు. ఎక్కువైన కర్బనమును బయటికి తీసివేయుట యొకటి. చాలని ఉదజనిని బయటినుండి తెచ్చి చేర్చుట రెండవది. ఈ రెండు మార్గములను వేఱు వేఱు దేశములవారు ఇరువురు పట్టుకొని, ఒక్కొక్కరు తమ ఆస్తిని, ఆయుస్సును దానియందే వెచ్చించిరి. ఒకడు జర్మను దేశీయుడు, మఱియొకడు ఫ్రెంచి దేశీయుడు.

జర్మను దేశీయుని పేరు ఫ్రీడ్రిక్ బెర్గియస్. ఇతడు 1884లో బ్రెస్లా నగర సమీపమున జన్మించెను. ఆ నగరము నేడు పోలండు దేశమున నున్నది. తండ్రికి రసాయనముల కర్మాగార ముండుటచే బాల్యముననే అతనికి ఆ వాసనలు, ఆ పనులు అలవడినవి. హానోవరు నగరమున సొంత ప్రయోగశాల పెట్టుకొని, మూతబిగించిన ఉక్కుపాత్రలలో అధిక పీడనమున ఏమేమి జరుగునో పరీక్షించుచుండెను. అడవులు భూమిలో కప్పబడి కోట్లాది సంవత్సరములకు నేలబొగ్గుగా మాఱినవని అందఱు చెప్పుదురు. ఆ మార్పును గంటలలో జరిపి చూడవలెనని అతనికి తోచెను. కుళ్లిన మొక్కల మట్టిని నీటితో పాత్రలో బిగించి కాచెను. బొగ్గువంటి పదార్థము వచ్చెను. ఇక ఆ బొగ్గునకు ఉదజనిని ఎక్కించిన నేమగునని మఱల ప్రయత్నించెను. 400 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిలో, వాతావరణ పీడనమునకు సుమారు 200 రెట్ల పీడనమున బొగ్గు ఉదజనిని పీల్చుకొని నూనెగా మాఱెను. 1913లో అతడు దీనికి పేటెంటు తీసికొనెను. అది బర్టన్ పేటెంటు పొందిన సంవత్సరమే.

రెండువందల రెట్ల పీడన మనుట తేలిక. దానిని పట్టియుంచుట తేలిక కాదు. వేడియెక్కిన ఉదజని సామాన్యమైన ఉక్కుకు శత్రువు. ఉక్కుకు బలమిచ్చునది దానిలోని కర్బనమే. ఉదజని అతి సూక్ష్మమగుటచే ఉక్కులోనికి చొరబడి ఆ కర్బనమును తినివేయును. అప్పుడు ఉక్కు పెళుసై పగులును. అమ్మోనియా తయారుచేయు పనిలో కార్ల్ బాష్ అను ఇంజనీరునకు ఈ సంకటమే ఎదురయ్యెను. అతడు నిలిపిన ఉక్కుగొట్టములు సుమారు 80 గంటలు పనిచేసి పగిలిపోయినవి. బాష్ ఊహించిన పరిహారము మిక్కిలి చమత్కారమైనది. గొట్టము లోపల కర్బనము లేని మెత్తని ఇనుముతో నొక అస్తరు వేసెను. బయటి ఉక్కుకు చిన్నచిన్న రంధ్రములు పొడిపించెను. అస్తరును దాటిన కొద్దిపాటి ఉదజని ఉక్కును తినుటకు ముందే రంధ్రములగుండ వెలికిపోయెను. పీడనమును ఉక్కు మోసెను. ఉదజనిని ఇనుము ఆపెను. ఇట్టి పరిజ్ఞానము లేనిచో బెర్గియస్ కనుగొన్నది ప్రయోగశాల గోడలు దాటకపోయెడిది.

బెర్గియస్ మాన్‌హైమ్ దగ్గఱ రైనావు అనుచోట పెద్ద యంత్రశాల నిర్మించుటకు పూనుకొనెను. మొదటి ప్రపంచయుద్ధము గడచిపోయెను. పని పూర్తి కాలేదు. సంవత్సరములు గడచెను, ధనము కరగిపోయెను. నూనె వచ్చుచుండెను గాని, అమ్మిన ధర ఖర్చునకు చాలదయ్యెను. లోపమెచ్చట? బెర్గియస్ ఉత్ప్రేరకముపై ఆశ పెట్టుకొనలేదు. నేలబొగ్గులో గంధకమున్నది, గంధకము ఉత్ప్రేరకమునకు విషము, కావున ఉత్ప్రేరకము ఇచ్చట బ్రదుకదని అతడు తలచెను. ఆ తలంపు ఆనాటికి అన్యాయమైనది కాదు. పెక్కురు రసాయనశాస్త్రజ్ఞులు అట్లే తలచిరి.

ఉత్ప్రేరకమనగా నేమో ఇచ్చట చెప్పవలెను. రెండు పదార్థముల కలయికను గాని, ఒక పదార్థము విఱుగుటను గాని త్వరపఱచి, తాను మాత్రము ఆ మార్పులో ఖర్చుకాక నిలుచునది ఉత్ప్రేరకము. స్వీడను దేశపు బెర్జీలియస్ 1835లో ఈ భావమునకు పేరు పెట్టెను. పాలలో వేయు తోడును కొందఱు దీనికి పోలికగా చెప్పుదురు. అది సరియైన పోలిక కాదు. తోడు పాలలో పెరిగి తానును పెరుగులో భాగమగును. పెండ్లి చేయించు పురోహితుడు మేలైన పోలిక. వధూవరులను కలిపి, తాంబూలము పుచ్చుకొని, ఆయన మఱియొక పెండ్లికి పోవును. పురోహితునకైనను అలసట కలదు, జబ్బు కలదు. ఉత్ప్రేరకమునకును అట్లే. కొన్ని పదార్థములు దాని తలమునకు అంటుకొని వదలవు. అంతటితో దాని పని ముగియును. అట్టివానినే ఉత్ప్రేరక విషము లందురు.

1925 ప్రాంతమున బెర్గియస్ హక్కులు జర్మనీలోని మహా రసాయన సంస్థ చేతికి పోయెను. ఆ సంస్థలో మత్తియస్ పియర్ అను శాస్త్రజ్ఞుడు పని నారంభించెను. గంధకమునకు చచ్చు ఉత్ప్రేరకమును వెదకుట మాని, గంధకములోనే బ్రదుకు ఉత్ప్రేరకమును అతడు వెదకెను. మాలిబ్డినము, టంగ్‌స్టన్ అను లోహములు గంధకముతో కూడి సల్ఫైడులుగా మాఱినను పని మానవని తేలెను. మానకపోవుటయే కాదు, సల్ఫైడు రూపమున నున్నప్పుడే అవి చక్కగా పనిచేసినవి. ఇతరులకు విషమైనది వీనికి ఆహారమయ్యెను. ఇంకొక మెలకువగూడ పియర్ చూపెను. పనినంతయు ఒకే పాత్రలో జరుపక, మొదటి పాత్రలో బొగ్గును బరువైన నూనెగా కరగించి, రెండవదానిలో ఆ నూనె ఆవిరిని ఉత్ప్రేరకము మీదుగా నడిపి పెట్రోలు చేయించెను. 1927లో లాయ్నా అనుచోట బొగ్గు నుండి చేసిన పెట్రోలు వెలువడెను. 1931లో బెర్గియస్, బాష్ ఇరువురికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానమును పంచియిచ్చిరి. పియరునకు అందులో భాగము లేదు.

ఇక మొదటి మార్గమున నడచినవాడు యూజీన్ హూడ్రీ. ఇతడు 1892లో పారిసు నగర సమీపమున జన్మించెను. తండ్రిది ఉక్కు వ్యాపారము. కుమారుడు ఇంజనీరింగు చదివి 1911లో తరగతికి ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. 1917లో ఫ్రెంచి టాంకుల దళమున పోరాడి తీవ్రముగా గాయపడెను. పందెపు కార్లన్న అతనికి మిక్కిలి మక్కువ. మంచి కారునకు మంచి పెట్రోలు కావలెను. నాటి పెట్రోలు ఇంజనులో అకాలమున మండి టకటకమని కొట్టుకొనుచుండెను. ఫ్రాన్సు దేశమునకు సొంత చమురు అత్యల్పము. అందుచే హూడ్రీ మొదట లిగ్నైటు బొగ్గునుండి పెట్రోలు తీయబూని, ప్రభుత్వ సాయముతో 1929లో ఒక యంత్రశాలను నడపి చూపెను. ఖర్చు ఎక్కువయ్యెను, దానిని మూసివేయవలసివచ్చెను. బెర్గియసునకు రైనావు ఎట్టిదో హూడ్రీకి ఇది అట్టిది.

అతడు నిరాశపడక బరువైన చమురుపై దృష్టి మరల్చెను. వందలకొలది పదార్థములను ఉత్ప్రేరకములుగా పరీక్షించెను. ఒక్కొక్క దానితో వచ్చిన పెట్రోలును తన పందెపు కారులో పోసి నడపి చూచుచుండెనట! తుదకు అతనికి అక్కఱకు వచ్చినది ఏ ప్రశస్త లోహమును కాదు, ఆమ్లముతో శుద్ధిచేసిన బంకమట్టి. అందలి సిలికా, అల్యూమినాల కలయిక ఆమ్లగుణము గలది. ఆ గుణము పొడవైన గొలుసును తగినచోట విఱుచుటయేగాక, దానిని కొమ్మలుగల ఆకారమునకు మార్చుచుండెను. కొమ్మలుగల గొలుసు ఇంజనులో నెమ్మదిగా మండును, టకటక యుండదు.

కోకు మాత్రము ఇచ్చటను తప్పలేదు. నిమిషములలో మట్టి నల్లబడి పని చాలించుచుండెను. ఇతరులైనచో ఆ మట్టిని పాఱవేసి యుందురు. హూడ్రీ దానిపై గాలిని పంపి కోకును కాల్చివేసెను. మట్టి మరల తెల్లబడి పనిలోనికి వచ్చెను. కాల్చిన వేడి వృథాపోక చమురును కాచుటకే ఉపయోగపడెను. వరుసగా నిలిపిన పాత్రలలో ఒకటి చమురును విఱుచుచుండగా, మఱియొకటి కోకును కాల్చుకొనుచుండును. కొలది నిమిషములకు వంతులు మాఱును. ఎక్కువైన కర్బనమును తీసివేయుట యను మొదటి మార్గము ఇదియే. హూడ్రీ అమెరికాకు పోయి, అచ్చటి చమురు సంస్థల సాయముతో 1937లో పెన్సిల్వేనియాలోని మార్కస్ హుక్‌లో పెద్ద యంత్రశాలను నడపించెను. లోనికి పోసిన చమురులో ఇంచుమించు సగము మేలైన పెట్రోలుగా వచ్చెను.

మూడేండ్లు గడవకమునుపే రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. జర్మను విమానములలో అధికభాగము బొగ్గునుండి ఉదజనితో చేసిన పెట్రోలుతో ఎగిరినవి. మిత్రరాజ్యముల విమానములకు కావలసిన శ్రేష్ఠమైన పెట్రోలులో పెద్ద భాగమును హూడ్రీ పద్ధతియు, దాని ననుసరించి పుట్టిన పద్ధతులును సమకూర్చినవి. ఒకే సమస్యకు చెఱిసగము సమాధానములైన రెండు విద్యలు ఆకాశమున ఒకదానినొకటి ఎదిర్చినవి. జర్మనీలోని ఆ కర్మాగారములలో పరదేశీయులచేతను, బందీలచేతను బలవంతముగా చాకిరి చేయించిరి. 1944 మే 12వ తేదీన అమెరికా బాంబు విమానములు లాయ్నా మొదలగు కర్మాగారములపై పడినవి. ఆపై దాడులు ఆగలేదు. జర్మను విమానములకు పెట్రోలు కఱవయ్యెను. యుద్ధానంతరము బెర్గియస్ స్వదేశము విడిచి, తుదకు అర్జెంటైనా చేరి, 1949లో బ్యూనస్ ఐరిస్ నగరమున మరణించెను. పశ్చిమాసియా చమురు చౌకగా దొరకుటచే బొగ్గుపెట్రోలునకు గిరాకి పోయెను. అతని విద్య ఇక చరిత్రలోనే మిగులునని పలువురనుకొనిరి.

అది మరల లేచుటకు రెండు కారణములు కలవు. మొదటిది, హూడ్రీ మార్గమున విఱుగక మిగిలిన గట్టినూనె కర్మాగారములలో పేరుకొనుచుండెను. వలయములుగా చుట్టుకొన్న ఆ గొలుసులు ఉదజని లేనిదే లొంగవు. రెండవది, 1949 తరువాత ప్లాటినముతో పెట్రోలును మేలుచేయు మఱియొక పద్ధతి వ్యాపించెను. అందు ఉదజని అదనముగా వెలువడుచుండెను. కావలసిన సరకు పెరటిలోనే దొరకినట్లయ్యెను. 1959లో కాలిఫోర్నియాలోని ఒక చమురు సంస్థ, 1960 దశకమున మఱికొన్ని సంస్థలు కొత్త పద్ధతులను ప్రకటించినవి. ఈ విద్యకే హైడ్రోక్రాకింగు అని పేరు. అనగా ఉదజని సమక్షమున విఱుచుట.

దీని రహస్యమంతయు ఉత్ప్రేరకపు గుళికలోనే కలదు. గుళిక చిన్నది; బియ్యపుగింజకన్న కొంచెము పెద్దదిగా నుండును. దానిలో రెండు విధములైన స్థానములు కలవు. ఒకటి ఆమ్లస్థానము, అది హూడ్రీ మట్టికి వారసురాలు, గొలుసును విఱుచును. రెండవది లోహస్థానము, అది పియర్ సల్ఫైడులకు వారసురాలు, కొనలకు ఉదజనిని ముడివేయును. నికెలు, టంగ్‌స్టన్, మాలిబ్డినము ఇందు వాడుదురు. కొన్నిచోట్ల ప్లాటినము, పల్లాడియమును వాడుదురు. ఈ రెండు స్థానములును దగ్గఱ దగ్గఱగా నుండవలెను. విఱిగిన ముక్క లోహమును చేరుటకు దూరము పోవలసివచ్చినచో దారిలోనే కోకగును. త్రెంచువాడు ఒక ఊరిలో, ముడివేయువాడు ఇంకొక ఊరిలో నున్నచో పూలు దక్కవు గదా! 1930 దశకముననే పియర్ బృందమువారు టంగ్‌స్టన్ సల్ఫైడును ఆమ్లగుణము గల బంకమట్టిపై ఎక్కించి చూచిరి. ఎన్నడును కలిసి పనిచేయని రెండు పక్షములవారును ఆ మట్టియొద్దకే చేరుట విశేషము.

నేడు మట్టికి బదులుగా జియోలైటులను విరివిగా వాడుదురు. 1756లో క్రోన్‌స్టెడ్ అను స్వీడను శాస్త్రజ్ఞుడు ఒక రాతిని కాచినప్పుడు అది పొంగుచు ఆవిరిని వెడలగ్రక్కుట చూచి, 'మరుగురాయి' అను అర్థము వచ్చునట్లు గ్రీకు భాషలో దానికి ఈ పేరు పెట్టెను. రాతిలో నీరు దాగియుండుటకు దానియందలి సూక్ష్మమైన గూళ్లే కారణము. హైడ్రోక్రాకింగునకు వాడు కృత్రిమ జియోలైటు గూళ్ల ద్వారములు మిల్లీమీటరులో పదిలక్షలవ వంతుకన్నను చిన్నవి. ఒక్క గ్రాములోని గూళ్ల గోడలన్నిటిని పఱచినచో కొన్ని వందల చదరపు మీటర్ల నేలను కప్పును. ఆమ్లబలమును పెంచినచో పెట్రోలు ఎక్కువగా వచ్చును. తగ్గించినచో డీజెలు ఎక్కువగా వచ్చును. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు డీజెలుతో నడచు దేశమునకు ఒక గుళిక, కార్లు అధికముగా గల దేశమునకు ఇంకొక గుళిక తగును.

కర్మాగారమున పని జరుగు తీరు ఇట్టిది. మడ్డిని ముందుగా శూన్యప్రాయమైన గోపురమున మరల కాచి, దానినుండి బరువైన నూనెను వేఱుచేయుదురు. ఆ నూనెను వేడిచేసి ఉదజనితో కలిపి మొదటి పాత్రలోనికి పంపుదురు. అచ్చట నికెలు, మాలిబ్డినము గల గుళికలు నూనెలోని గంధకమును, నత్రజనిని తొలగించును. నత్రజనిని తొలగించుట ముఖ్యము. దాని సమ్మేళనములు క్షారగుణము గలవై ఆమ్లస్థానములను కప్పివేయును. పిమ్మట నూనె విఱుచు పాత్రలో ప్రవేశించును. వేడి 350 మొదలు 430 డిగ్రీల వఱకును, పీడనము వాతావరణ పీడనమునకు 100 మొదలు 200 రెట్ల వఱకును ఉండును. బాష్ వేయించిన అస్తరునకు బదులు నేడు క్రోమియము, మాలిబ్డినము కలిపిన ఉక్కుతో జానెడు మందముగల గోడలు కట్టి, లోపల తుప్పుపట్టని ఉక్కుపొర వేయుదురు. బయటికి వచ్చిన దానిలో మిగిలిన ఉదజనిని వేఱుచేసి మరల లోనికి త్రిప్పుదురు. ద్రవమును గోపురమునకు పంపి పెట్రోలు, విమానపు నూనె, డీజెలు వేఱుచేయుదురు. ఇట్లు వచ్చిన డీజెలులో గంధకము అత్యల్పము, పొగ తక్కువ.

ఈ పనిలో ఒక గండము కలదు. ఉదజని ముడిపడునప్పుడు వేడి పుట్టును. వేడి పెరిగినకొలది పని వేగము పెరుగును. వేగము పెరిగినకొలది వేడి ఇంకను పెరుగును. అందుచే గుళికలను ఒకే కుప్పగా పోయక అంతస్తులుగా పోసి, నడుమ నడుమ చల్లని ఉదజనిని పంపి వేడిని అదుపులో నుంచుదురు. అదుపు తప్పినచో పాత్రలోని పీడనమును తక్షణము వదలివేయవలెను. 1997 జనవరి 21వ తేదీన కాలిఫోర్నియాలోని మార్టినెజ్ దగ్గఱ నొక హైడ్రోక్రాకింగు విభాగమున వేడి మితిమీరి గొట్టము పగిలెను. ఒక కార్మికుడు మరణించెను. 46 మంది గాయపడిరి. వేడిమాపకములు చూపిన అంకెలు నిజమో కాదో తేలక, పీడనమును వదలవలసిన క్షణమున వదలకపోవుట ఆ ప్రమాదమునకు కారణములలో నొకటి.

మన దేశమున మొదటి హైడ్రోక్రాకింగు విభాగము గుజరాతు రాష్ట్రమందలి కొయలి కర్మాగారమున 1993లో పనిచేయ నారంభించెను. విశాఖపట్టణపు చమురుశుద్ధి కర్మాగారము 1957లో నెలకొల్పబడినది. దాని ఆధునికీకరణములో ఈ విద్యకును చోటు కల్పించిరి. ఇందు కావలసిన ఉదజనిని ఎక్కువగా సహజవాయువును నీటియావిరితో కలిపి నికెలు గుళికలపై పంపి తీయుదురు. ఒక ఉత్ప్రేరకమునకు మేతపెట్టుటకు ఇంకొక ఉత్ప్రేరకము! ఐతే ఆ పనిలో బొగ్గుపులుసు వాయువు విశేషముగా వెలువడి వాతావరణమున చేరుచున్నది. నీటిని విద్యుత్తుచే విడదీసి ఉదజనిని పొందుట మేలని నేడు అనేక దేశములు ప్రయత్నించుచున్నవి. ఖర్చు మాత్రము ఇంకను అధికముగా నున్నది.

హూడ్రీ ఉత్తర జీవితమున మోటారు పొగను శుద్ధిచేయుటకు పూనుకొనెను. పొగగొట్టములో ఉత్ప్రేరకము నుంచి విషవాయువులను కాల్చివేయు పరికరమును నిర్మించెను. అది పనిచేసెను, కాని టకటకను ఆపుటకు ఆనాడు పెట్రోలులో కలుపుచుండిన సీసము ఆ ఉత్ప్రేరకమును చంపివేసెను. హూడ్రీ 1962లో మరణించెను. 1975 నుండి అమెరికా కార్లలో సీసము లేని పెట్రోలుతో అట్టి పరికరములు నెలకొన్నవి. టకటక లేని పెట్రోలుకొఱకే ఆ ఇంజనీరు తన పని మొదలుపెట్టెనని మఱవరాదు.

హైడ్రోక్రాకింగు గుళిక కొన్ని సంవత్సరములు పనిచేయును. అది అలసినకొలది వేడిని కొంచెము కొంచెముగా పెంచుచు పని చేయించుదురు. ఇక పెంచుటకు వీలులేని దినమున పాత్రను ఆపి, చల్లార్చి, నత్రజనితో నింపి తెఱచుదురు. వాడిన గుళికలకు గాలి తగిలినచో వానియంతట అవియే అంటుకొనవచ్చును. ఊపిరికి గాలిగొట్టము తగిలించుకొన్న కార్మికుడు, ఊపిరికి పనికిరాని ఆ నత్రజనిలోనికి త్రాటిపై దిగి గుళికలను తీయించును. పైన మఱియొకడు ఆ త్రాటిని, గాలిగొట్టమును కనిపెట్టుచు నిలుచును. తీసిన గుళికలలో బాగుపడదగినవానిని వేఱుచోటికి పంపి, హూడ్రీ చేసినట్లే, కోకును మెల్లగా కాల్చివేసి మరల పనికి తెత్తురు. బాగుపడనివానినుండి నికెలు, మాలిబ్డినము, టంగ్‌స్టన్ తిరిగి రాబట్టుదురు. కొత్త గుళికలను పాత్రలో పోసి, వాని లోహములను పియర్ చూపిన త్రోవనే గంధకముతో సల్ఫైడులుగా మార్చి, అటుపిమ్మట నూనెను లోనికి వదలుదురు.